చిన్నది

ఎల్లారెడ్డిలో భూదవ్వ ఇంట్లో కూతుళ్ల పేర్లు ఎవరూ పలకరు. వనజ పెద్దది, నిరోష చిన్నది. పెద్దది విడిచిన లంగా చిన్నది కట్టింది. పెద్దది విడిచిన చెప్పులు చిన్నది తొడిగింది. బీడీల కత్తెర కూడా అక్క చేతిలో మొద్దుబారాకే నిరోషకు వచ్చింది. పెళ్లిళ్లయి ఇద్దరూ ఆ వాడలోనే ఉన్నారు. తల్లి భూదవ్వ చేతిలో కూరగిన్నె ముందు ఎవరింటికి పోతుందోనని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే, నిరోష ఒక కన్నేసి ఉంచేది.

నిరుడు వనజకు ఎడమ మోకాలి కింద వాచింది. అవ్వ ఇక పెద్దదాని గడప దిగలేదు. ‘రోగంలో గూడ అదే ముందు’ అనుకుని నిరోష వెంటనే లెంపలు వేసుకుంది. కామారెడ్డిలో స్కానింగ్ చూసిన డాక్టరు, కాలి ఎముకలో గడ్డ ఉందన్నాడు. ప్రాణభయం లేదు కానీ ఎముకను తినేస్తోందట. ఆపరేషన్ హైదరాబాద్‌లో చేయాలట.

“గడ్డ ఉన్నంత మేర పెద్దదాన్ని కోసేస్తాం. చిన్నదాంట్లోంచి ముక్క తీసి ఆ ఖాళీలో పెట్టి ప్లేటు బిగిస్తాం.”

భూదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మరి చిన్నది నడుస్తదా సారూ?”

“చిన్నది లేకున్నా ఏం కాదమ్మా.”

“అయితే తీస్కోండ్రి.”

నిరోష తలుపు పక్కనే నిలబడి ఉంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

ఇంటికొచ్చే బస్సు లింగంపేట దాటేదాకా నిరోష ఓర్చుకుంది. “నన్నొక్క మాట అడగవా అవ్వా? అదేమన్న లంగానా? నా కాలు బొక్క!”

“ఏందే అడిగేది? ఒద్దంటవా?”

“నీది ఇయ్యరాదు?”

“నాది షుగర్ తిన్న బొక్క, ముట్టుకుంటే పొడి అయితది. పెద్దదానికి బువ్వ పెట్టిన. నువ్వు పుట్టేనాటికి ఇంట్ల జొన్న గటుకనే మిగిలింది. గందుకే నీది ఉక్కు లెక్క ఉంటది.”

అది తిట్టో మెప్పో నిరోషకు అంతుబట్టలేదు. తనతోపాటు బీడీలు చేసే మంగవ్వకు మొదట ఏడుస్తూ చెప్పింది. చెప్పగా చెప్పగా మెడ నిటారుగా లేచింది. “ఇగ అది నడిచినన్ని దినాలు నా బొక్క మీదనే నడవాలె.”

“అయితే అది గుడికి పోతే సగం పుణ్యం నీకే,” అంది మంగవ్వ.

హైదరాబాద్‌లో ఆపరేషన్ పొద్దున అక్కతోపాటు తానూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. వనజను లోపలికి తీసుకుపోతుంటే నర్సును ఆపింది. “నన్నెప్పుడు తీస్కపోతరు?”

“నిన్నెందుకు?”

నిరోష చెప్పింది. నర్సు గోడకు ఆనుకుని నవ్వింది. “చిన్నదంటే నువ్వు కాదు తల్లీ! మోకాలి కింద రెండు బొక్కలుంటయ్. లావుది పెద్దది, పక్కన సన్నగ ఉండేది చిన్నది. మీ అక్క కుడికాలుదే తీసి ఎడమకాలుకు పెడ్తరు. పో, ఇడ్లీ తిను.”

“బతికించినవ్ బిడ్డా,” అని నర్సుతో అంటూ భూదవ్వ నిరోష నెత్తిమీద చెయ్యి వేసింది. నిరోష ఆ చెయ్యి తీసేసింది.

వానలు వెనకబట్టాక వనజ కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వాడంతా మూగి కుట్ల మచ్చలు చూసింది. “నా బొక్కనే నాకు అక్కరకొచ్చింది,” అంటోంది వనజ. భూదవ్వ దిష్టి తీస్తోంది.

నిరోష అటు చూస్తూ బీడీలకు తునికాకు కత్తిరించింది.

“ఇంకేంది, నీ కాలు దక్కింది గదా!” అంది మంగవ్వ.

“దక్కింది. ఒక్కసారన్న పెద్దది నాది తొడుక్కుంటదనుకున్న.”