రెండు కాళ్లతో తొక్కిన బ్రేకు

లారీ బ్రేకు కాలిన వాసన వచ్చిందంటే, పక్క సీట్ల కూసున్నా సరే, నా కాలు కారు నేలను నొక్కుతది.

నాకప్పుడు తొమ్మిదేండ్లు. మా పాత అంబాసిడర్‌కు నాయిన పటాన్‌చెరుల కొత్త బ్రేకు డ్రమ్ములు కొనుక్కొచ్చిండు. అవి సరిగ్గ కూసోక చక్రం రాసుకుంటుండె. నాయిన పనిచేసే పాశమైలారం కంపెనీకి సెలవున్న ఐతారం నాడు, కారును జాకీతో లేపి డ్రమ్మును ఆకురాయితో అరగదీసిండు. చక్రం ఎక్కించి, నన్ను స్టీరింగు ముందు కూసోబెట్టి కారు కిందికి దూరిండు.

"బ్రేకు తొక్కు బిడ్డా. నేను చెప్పేదాక కాలు తియ్యకు."

తొక్కిన. కారు జెర ఊగింది, జాకీ కిర్రుమన్నది. కారు నాయిన మీద పడకుండ ఆపుతున్నది నా కాలే అనుకున్న.

"ఇగ వదులు."

వదల్లేదు. రెండో కాలు గూడ పెట్టిన.

"ఏందిది, ఇంకా పట్టేస్తున్నది" అనుకుంట నాయిన చక్రాన్ని గుంజిండు. గుంజినప్పుడల్లా కారు ఊగింది. ఏడుపొస్తున్నా రెండు కాళ్లను ఇంకా గట్టిగ నొక్కిన.

ఆఖరికి బయటికొచ్చి తలుపు తీసిండు.

"వదిలితే నీ మీద పడ్తది నాయినా!"

ఆయన నవ్వలేదు. గ్రీజు చెయ్యి నా మోకాలు మీద పెట్టి, "నేను బయటికొచ్చిన గద బిడ్డా. ఇగ వదులు" అన్నడు.

కాళ్లు తీసిన. నాయిన తిప్పితే చక్రం అల్కగ తిరిగింది. డ్రమ్ము ఎప్పుడో సరిపోయింది, పట్టుకున్నది నేనే.

కారును మోసింది కింద పెట్టిన కట్టెమొద్దులని పెద్దయినంక తెలిసింది. ఆ పొద్దు నాయిన ఆ ముచ్చట ఎత్తలేదు.