మా ఆవిడ కొక్కెం త్రాసు

చక్రాల మీది చిన్న ఇల్లులాంటి అద్దె ట్రైలర్‌ని కారుకి తగిలించుకుని మిషిగన్‌లో ఓ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాం. మేము దింపుతున్న వెట్ గ్రైండర్, బియ్యం బస్తా చూసి పక్క ట్రైలర్ పెద్దాయన కంగారుపడ్డాడు. మా ట్రైలర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ చూపించి, “ఈ ఇరుసు ఇంత బరువే మోస్తుంది. దాటితే టైర్లు పేలతాయి. తూకం వేశారా?” అన్నాడు.

మా ఆవిడ సుజాత బ్యాగులోంచి కొక్కెం త్రాసు తీసింది. “ప్రతి సంచీ తూచాను. ట్యాంకులో నీళ్లూ కలిపాను. బరువైనవి ఇరుసు మీదికొచ్చేలా సర్దాను.”

“ఎక్కడ నేర్చుకున్నారు?”

“ఇండియా నుంచి పచ్చళ్లు తెచ్చుకుంటూ. సూట్‌కేసు బరువు కాస్త మించినా ఎయిర్‌పోర్టులో ఆవకాయ వదులుకోవాల్సిందే.”

మర్నాడు పొద్దున్నే ఆయన తన సామానంతా మోసుకొచ్చి మా గుమ్మం ముందు పెట్టాడు. “కాస్త తూచిపెడతారా, మేడమ్?”

సుజాత త్రాసు పట్టుకుని దిగింది. నేను లేని మీసం మెలేశాను.