వ్రతం పట్టిన కుక్కలు

యిన్‌మొయ్ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజున ఊరి జనం ముందు ఆమె మొహం చూడలేదు, ఆమె వెంట వచ్చిన బుట్టలోకి తొంగి చూశారు. కొండ అవతలి పుట్టింటి నుంచి వచ్చిన ఆ వెదురుబుట్టకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. లోపల ఒక పడుచు పుంజు, ఇంకా గుడ్డు పెట్టని ఒక పెట్ట. వాటిని దారికోళ్లంటారు. పెళ్లికూతురికి కొత్త కాపురానికి దారి చూపేది అవే. వాటిని కోయకూడదు, అమ్మకూడదు, ముసలితనంతో పోయేదాకా సాకాలి.

రాగానే ఆనవాయితీ ప్రకారం జతను పెళ్లిమంచం కింద వదిలారు. పుంజు ముందు బయటికొస్తే తొలిచూలు మగపిల్లాడు, పెట్ట వస్తే ఆడపిల్ల. అత్తగారూ ఆడబడుచులూ మంచం చుట్టూ చతికిలబడి ఊపిరి బిగబట్టారు. పెట్ట తాపీగా బయటికొచ్చి, అత్తగారి చెప్పు మీద రెట్ట వేసి, వడ్లగది వైపు నడిచిపోయింది. పుంజు మంచం కిందే కునుకు తీసింది. ఆ తర్వాత యిన్‌మొయ్‌కి వరసగా ముగ్గురు ఆడపిల్లలు.

"పుంజు నిద్ర లేవడానికి పదకొండేళ్లు పట్టింది" అనేది యిన్‌మొయ్, కొడుకు పుట్టిన ముచ్చట వచ్చినప్పుడల్లా.

ఆమె కాపురానికి వచ్చి యాభై ఆరేళ్లు. తుఫాను రెండుసార్లు ఇంటికప్పు ఎత్తుకుపోయింది. అత్తగారు పోయింది, మొగుడు పోయాడు. ఆ జత సంతానం మాత్రం పెరట్లో తెగిపోలేదు. ఒక ఏడు తెగులొచ్చి ఊళ్లో కోళ్లన్నీ తలలు వాల్చేస్తుంటే, రెండు పెట్టల్నీ ఒక పుంజునీ తన గదిలో పెట్టుకుని తలుపు వేసుకుంది. మొగుడు నెల రోజులు వంటింట్లో పడుకున్నాడు. ముగ్గురు కూతుళ్లూ ఆ పెరటి జతలతోనే అత్తిళ్లకు వెళ్లారు. పుట్టింట్లో ఇప్పుడు ఎవరూ లేరు, ఇల్లూ లేదు. అమ్మ గుప్పిట్లో గింజలు తిన్న ప్రాణాల సంతతిగా మిగిలినవి ఈ కోళ్లే. ఈ మాట ఆమె ఎవరితోనూ అన్నది కాదు. అనాల్సిన పని ఉందని కూడా అనుకోలేదు.

ఇప్పుడు మనవరాలు ఫుంగ్‌లాన్ పెళ్లి. మగపెళ్లివారి పంచాంగం మనిషి లెక్కలు కట్టి, పదో నెల పౌర్ణమి మర్నాడు దివ్యంగా ఉందన్నాడు. వసంతంలో పొదిగించిన పధ్నాలుగు పిల్లల్లోంచి జతను ఎంచుకుందామని యిన్‌మొయ్ ధీమాగా ఉంది. టమాటాల్లా ఎర్రగా ఉండే పెర్సిమన్ పళ్లు చెక్కు తీసి, వెదురు తట్టల్లో గాలికి ఆరబెట్టే రోజులు సగం గడిచేసరికి ఆ పధ్నాలుగులో మిగిలింది ఒక పుంజు, ఒక పెట్ట. వాటితో పాటు ఒక ముసలి పుంజూ నలుగురు ముసలమ్మల్లాంటి నాలుగు పెట్టలూ ఉన్నాయి గానీ, వాటిని పెళ్లికి పంపితే అత్తింటివాళ్లు నవ్విపోతారు.

మిగతావన్నీ పక్కింటి ఆతెట్ కుక్కల పొట్టలోకి వెళ్లాయి.

ఆతెట్‌కి పళ్లతోట ఉంది, మందారపు కంచెకు అవతల. భార్య పోయాక ఒంటిగాడు. ఉడతల్ని తరమడానికని మూడు కుక్కల్ని పెంచాడు. నల్లోడు, పచ్చోడు, అల్లం రంగులో ఉండే ఆడకుక్క. దాని పేరు అల్లమే. ఉడతలు చెట్ల మీద దర్జాగా బతుకుతున్నాయి. కుక్కలు మాత్రం కంచె కింద సందు చేసుకుని ఇటు వస్తున్నాయి.

యిన్‌మొయ్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముందు మొగుడి పాత చొక్కా, టోపీ తొడిగి గడ్డిబొమ్మ నిలబెట్టింది. ఆ మొగుడు బతికున్న రోజుల్లో ఆ కుక్కలకు చేప తలకాయలు విసిరేవాడు. చొక్కా వాసన పట్టి మూడూ వచ్చి బొమ్మ కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకున్నాయి.

"బతికున్నప్పుడూ ఇంతే. ఒక్కర్ని అదిలించిన పాపాన పోలేదు" అని బొమ్మను తిట్టి పీకేసింది.

తర్వాత కంచె పొడుగునా కారం చల్లింది. గాలి తిరిగి కారమంతా పళ్ల తట్టల మీద పడింది. ఆ విడత పళ్లు ఎవరికీ ఇవ్వడానికి పనికిరాక, నెల రోజులు కళ్లలో నీళ్లు పెట్టుకుంటూ తనే తిన్నది. చిన్నకూతురి ఇంటి నుంచి ఒక పెద్దబాతును కాపలాకి తెప్పించింది. అది పోస్టుమాన్‌ని తరిమింది, పెళ్లికొడుకుని తరిమింది, ఒకసారి యిన్‌మొయ్‌నే దొడ్లోకి రానివ్వలేదు. కుక్కలతో మాత్రం ఎందుకో స్నేహం కుదిరింది. కోళ్లను గూట్లో పెట్టి మూసి చూసింది. కుక్కలు గూటి కింద మట్టి తవ్వి దూరాయి, లోపలి కోళ్లకు పారిపోయే దారి కూడా లేకపోయింది.

బూడిదరంగు పెట్ట పోయిన రోజున ఇక పట్టలేక కంచె దగ్గరికి వెళ్లింది.

"ఏమయ్యా ఆతెట్! పెళ్లి నా మనవరాలిదా, నీ కుక్కలదా? విందు మాత్రం అవే ముందు కుడుస్తున్నాయి!"

నిచ్చెన మీద పళ్లు కోస్తున్న ఆతెట్ కిందికి చూశాడు. "ఏమైంది వదినా?"

"నా బూడిద పెట్ట ఏదీ?"

"నన్నడిగితే? నేనేమన్నా పొదిగానా?"

"నీ నల్లోడి మూతి చూడు. ఈక ఉంది."

"గాలికి వచ్చి అంటుకుని ఉంటుంది. ఈ గాలి మొన్న నా టోపీనే పక్క ఊరికి మోసుకెళ్లింది."

"గాలి కోడిని మింగేసి, ఈకను తెచ్చి నీ కుక్క మూతికి పూసిందా?"

ఆతెట్ నిచ్చెన దిగాడు. అతని మొహంలో నిజంగానే నొచ్చుకున్న భావం కనిపించింది. "వదినా, నా కుక్కలు అలాంటివి కావు. వ్రతం పట్టిన కుక్కలు. అమావాస్యకీ పౌర్ణమికీ మాంసం ముట్టవు. ముల్లంగి అన్నం, కాస్త సోయా పెరుగు ముక్క, అంతే. ఊళ్లో మనుషులే ఎంతమంది ఉంటున్నారు చెప్పు, అంత నిష్ఠగా?"

"అయితే సన్యాసం కూడా ఇప్పించు. గుండు నేనే గీస్తా!"

ఆ మాట అనేసి వచ్చింది గానీ, పెరట్లో ఈకలు ఏరుతుంటే ముక్కుకి ఒక వాసన తగిలింది. కింది రోడ్డు మీద దుకాణాల వాళ్లు ఊరి నేలను కాచే దేవుడు నేలతాతకు నైవేద్యం పెట్టి పూజకాగితాలు కాలుస్తున్నారు. పోయినసారి మచ్చల పెట్ట పోయినప్పుడూ ఇదే పొగ. అంతకు ముందు జంటగా రెండు పోయినప్పుడూ ఇదే. యిన్‌మొయ్‌కి చదువు రాదు, క్యాలెండర్ ఆమెకు గోడకు అంటించిన బొమ్మ. రోజుల్ని వాసనలతో గుర్తుపట్టడం మాత్రం బాగా తెలుసు. దుకాణాల వాళ్లు కాగితాలు కాల్చేది అమావాస్య మర్నాడు, పౌర్ణమి మర్నాడు. అంటే ముందురోజు ఆతెట్ ఇంట్లో ముల్లంగి అన్నం.

ఈకలు చేత్తో పట్టుకునే ఇంట్లోకి పరుగెత్తింది.

"ఫుంగ్‌లాన్! ఒసేయ్ ఫుంగ్‌లాన్! తప్పు కుక్కలది కాదే, ఉపవాసానిది! ఒకరోజు ముల్లంగి తిని, మర్నాడు కడుపు కాలి నా మీద పడుతున్నాయి!"

పెళ్లిబట్టలకు గుండీలు కుట్టుకుంటున్న ఫుంగ్‌లాన్ సూది ఆపింది. "నాయనమ్మా, నా పెళ్లి పౌర్ణమి మర్నాడే కదా?"

ఇద్దరూ పెరట్లోకి చూశారు. పడుచు పెట్ట పళ్ల తట్టల కింద నేల గీకుతోంది, లోకంలో పంచాంగం అనేది ఒకటుందని దానికి తెలియదు.

"పోనీ సంతలో ఒక జత కొందాం. ఎర్రగుడ్డ కట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"కోడికి తెలుస్తుంది" అంది యిన్‌మొయ్. పెట్టకు నాలుగు గింజలు విసిరి, "నాకూ తెలుస్తుంది" అంది.

పౌర్ణమి నాడు మధ్యాహ్నం పెళ్లింటి హడావుడిలో ఎవరూ చూడకుండా పెద్ద మూకుడులో పంది ఎముకలూ కొవ్వూ సోయా రసంలో ఉడికించి గిన్నెలోకి తీసింది. గిన్నె గుడ్డతో పట్టుకుని కంచె దగ్గర కూర్చుంది. ఈల వేయడం రాదు కనక, గిన్నె అంచు గరిటెతో తట్టింది. మూడు ముక్కులు సందులోంచి వరసగా వచ్చాయి. నల్లోడు నాలుక చాపాడు.

"వదినా!"

ఆతెట్ పరుగున వచ్చి కంచె మీదుగా వంగి గిన్నె పట్టుకున్నాడు. ఆవిడ వదల్లేదు. ఇద్దరి మధ్యా గిన్నె అటూ ఇటూ ఊగింది. దాంతో పాటే మూడు కుక్కల తలలూ అటూ ఇటూ ఊగాయి.

"పౌర్ణమి పూట నా కుక్కల నోట్లో పంది మాంసం పెడతావా! నీకేం ద్రోహం చేశాను?"

"పధ్నాలుగు కోడిపిల్లల్లో పన్నెండు మింగించి, ద్రోహమేమిటని అడుగుతున్నావా? రేపు నా మనవరాలు వట్టి బుట్టతో వెళ్లాలా? తినిపించు, అవి రేపు నా గడప తొక్కవు!"

"తినిపించలేను. మొక్కు."

"మొక్కింది నువ్వా, కుక్కలా?"

ఆతెట్ గిన్నె వదిలేశాడు. మోకాళ్లు పట్టుకుని కంచె అవతల కూర్చున్నాడు. "పన్నెండేళ్ల కింద మా ఆవిడకు ఆస్పత్రిలో కడుపు కోసినప్పుడు క్వాన్‌యిన్ అమ్మవారి ముందు అన్నాను. 'నా ఇంట్లో ఉన్న ప్రతి నోరూ అమావాస్య పౌర్ణములకు మాంసం ముట్టదు, ఆమెను బతికించు తల్లీ' అని. కుక్కకూ నోరే కదా వదినా. తొమ్మిదేళ్లిచ్చింది అమ్మవారు. ఇప్పుడు ఆవిడ లేదు గదా అని నేను మాట తప్పుతానా?"

యిన్‌మొయ్ గిన్నెను ఒళ్లోకి తీసుకుంది. ఆ తొమ్మిదేళ్లూ ఆతెట్ భార్యా తనూ ఇదే కంచెకు చెరో పక్కా కూర్చుని పళ్లు చెక్కు తీసేవారు. ఆవిడ తీసిన చెక్కు మొదలు నుంచి చివరిదాకా తెగకుండా వచ్చేది. అది చూసి తను కుళ్లుకునేది.

గిన్నెలో రసం చల్లారుతోంది. అల్లం మూలిగింది.

"'నా ఇంట్లో ఉన్న ప్రతి నోరూ' అన్నావా?"

"అన్నాను."

"ఇంట్లో లేని నోటి మాట అనలేదు కదా?"

"అంటే?"

"అంటే నా ఇంట్లో ఉన్న నోటికి నీ మొక్కు లేదు. అమావాస్యకొక రోజు, పౌర్ణమికొక రోజు, కుక్కల్ని నా ఇంటికి పంపు. నా గడప లోపల అవి నా నోళ్లు."

ఆతెట్ మోకాళ్లు దులుపుకుని లేచాడు. "అమ్మవారిని అడగాలి."

"అడుగుదాం పద. గిన్నె నేను తెస్తాను."

ఆతెట్ ఇంటి పూజాబల్ల మీద ఎర్రరంగు వేసిన రెండు చంద్రవంక చెక్కలున్నాయి. ఒక వైపు చదును, ఒక వైపు గుండ్రం. రెండూ వేస్తే ఒకటి చదునుగా, ఒకటి గుండ్రంగా పడితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అతను అగరొత్తులు ముట్టించి మోకరిల్లాడు. తన పేరు, ఊరి పేరు, ఇంటి నంబరు చెప్పి, విషయం విన్నవించి చెక్కలు వేశాడు. రెండూ చదును పైకి పడ్డాయి. అమ్మవారు నవ్వుతోందన్నమాట.

"నవ్వింది" అన్నాడు దిగులుగా.

"కాదనలేదు కదా! మళ్లీ వెయ్యి."

మళ్లీ నవ్వింది.

"నువ్వు అడగడం సరిగ్గా లేదు. ఏ కుక్కలని అనుకుంటుంది ఆవిడ? పేర్లు చెప్పు."

ఆతెట్ మూడు పేర్లూ, అవి పుట్టిన సంవత్సరాలూ చెప్పాడు. అల్లం పుట్టింది ఏ ఏడో గుర్తురాక వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. కుక్కలు గడప అవతల వరసగా కూర్చుని, అమ్మవారిని కాకుండా గిన్నెనే చూస్తున్నాయి. చెక్కలు నేల మీద టపటపమని పడ్డాయి. ఒకటి చదును, ఒకటి గుండ్రం.

"మూడుసార్లు వరసగా రావాలి వదినా."

"పులుసు చల్లారిపోతోందయ్యా! ఒక్కసారి సరేనన్న తల్లిని మూడుసార్లు విసిగిస్తావా?"

ఆ సాయంత్రం మూడు కుక్కలూ వ్రతం గడప దాటి యిన్‌మొయ్ పెరట్లో కడుపులు పగిలేలా తిని, పళ్ల తట్టల కింద బారుగా పడుకున్నాయి. పెద్దబాతు వాటి మధ్య చోటు చేసుకుంది.

మర్నాడు పొద్దున యిన్‌మొయ్ గూటి తలుపు తీయడానికి వెళ్లేసరికి తలుపు అప్పటికే తెరిచి ఉంది. పెళ్లింటికి వచ్చిన కూతుళ్లలో ఎవరో గుడ్ల కోసం తీసి, గడియ పెట్టడం మరిచారు. గూట్లో పెట్ట లేదు. యిన్‌మొయ్ పెరడంతా కళ్లతో వెతికింది. అప్పుడు చూసింది. పెట్ట నల్లోడి ముందరి కాళ్ల మధ్య నిలబడి, గిన్నెకు అంటుకున్న కొవ్వు ముక్కలు పొడుచుకుంటోంది. నల్లోడు ఒక కన్ను తెరిచాడు, పెట్టను చూశాడు, త్రేన్చి కన్ను మూసుకున్నాడు. దూరాన దుకాణాల నుంచి పూజకాగితాల పొగ వస్తోంది.

పెట్టను రెండు చేతులా ఎత్తి గుండెలకు హత్తుకుంది. పుంజును ఫుంగ్‌లాన్ పట్టుకుంది. కాళ్లకు ఎర్రదారం కట్టి బుట్టలో పెట్టారు.

ఆతెట్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పెళ్లికూతురి కారు కదలగానే ఫుంగ్‌లాన్ ఆనవాయితీగా కిటికీలోంచి విసనకర్ర విసిరింది. పుట్టింట్లోని మొండిగుణం అక్కడే వదిలేసి వెళ్తున్నట్టు. అది నేల మీద పడిందో లేదో అల్లం నోట కరుచుకుని కారు వెంట పరుగెత్తింది.

"అయ్యో! వదిలేసిన గుణాన్ని తీసుకెళ్లి మళ్లీ పిల్ల చేతికే ఇస్తోంది!" అని ఆతెట్ కేకేశాడు. "అల్లం! అల్లం! రా ఇలా!"

కుక్క వినలేదు.

"అల్లం!" అంది యిన్‌మొయ్, గట్టిగా కూడా కాదు.

అల్లం ఆగి, వెనక్కి తిరిగి, వచ్చి విసనకర్రను ఆవిడ కాళ్ల దగ్గర పెట్టింది.

మర్నాడు ఫుంగ్‌లాన్ ఫోను చేసింది. "నాయనమ్మా, మీ పెట్ట మంచం కింద నుంచి రానంటోంది! నిన్నటి నుంచి అందరూ చుట్టూ కూర్చున్నారు. మా అత్తగారికి నడుం పట్టేసింది."

"పుంజో?"

"అదీ రాలేదు. దాని పక్కనే నిలబడి, ఎవరు చెయ్యి పెడితే వాళ్లని పొడుస్తోంది. పెట్ట గుడ్డు పెట్టింది నాయనమ్మా."

యిన్‌మొయ్ ఫోను పెట్టేసి చాలాసేపు ఒక్కతే నవ్వుకుంది. తర్వాత మెడకు చుట్టుకున్న గుడ్డతో కళ్లు తుడుచుకుని ముసలి కోళ్లకు గింజలు చల్లింది.

అమావాస్య నాడు కుక్కలు పిలవకముందే వచ్చాయి. వాటిని దింపి వెళ్తానంటూ వెనకే ఆతెట్ కూడా వచ్చాడు. పొయ్యి మీద రెండు కుండలున్నాయి. ఒకదాంట్లోంచి ఎముకల పులుసు కుక్కలకు పోసి, రెండోదాంట్లోంచి ముల్లంగి అన్నం గిన్నెలో పెట్టి అతని ముందుకు జరిపింది.

"కుక్కలకి పందికొవ్వు, నాకు ముల్లంగా? నేనూ ఇప్పుడు నీ గడప లోపలే ఉన్నాను కదా వదినా!"

"మొక్కిన నోరు నీది. అది ఎక్కడ కూర్చున్నా నీ ఇంటిదే. తిను, చల్లారిపోతుంది."