కప్ప కారుకు కొత్త సైలెన్సర్

నాకు నిలకడ తక్కువ. మా గిన్నెల దుకాణంలో గద్దె మీద కూర్చున్నా కాళ్ళు ఆడిస్తూనే ఉంటాను, సర్దిన బిందెలను మళ్ళీ సర్దుతాను. ఆ ఎండాకాలం ఉన్న కాస్త కుదురూ పోయింది. నా భార్య నా కారెక్కడం మానేసింది.

అది కాజీపేటలో రిటైరై సొంత ఊరు వెళ్ళిపోతున్న ఒక రైల్వే ఆఫీసరు దగ్గర ఎప్పుడో కొన్న పాత విదేశీ కారు. ఇంజన్ వెనకాల ఉంటుంది. రేడియేటర్ లేదు, నీళ్ళు పోసే పనే లేదు. ఫ్యాను విసిరే గాలితోనే ఇంజన్ చల్లబడుతుంది. వీధి పిల్లలకు అది కప్ప కారు. ఆదివారం దుకాణం మూసి ఇద్దరం అందులో వర్ధన్నపేట దగ్గర ఆమె అక్క ఇంటికి పోయేవాళ్ళం. వారమంతా ఇద్దరం దుకాణంలో గిరాకీలతో మాట్లాడడమే తప్ప ఒకరితో ఒకరం తీరిగ్గా కూర్చునేది లేదు. ఆ దారి ఒక్కటే మాది.

సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడింది. మొదట గురగుర, తర్వాత డబడబ. ఒక ఆదివారం ఆమె తయారై కారు దాకా వచ్చి ఆగిపోయింది.

"మీరు దీంట్ల రాండ్రి. నేను బస్సుకు పోత."

"ఎందుకే? ఏమైంది?"

"ఈ మోతల కూసునుడు నాతోని కాదు."

అన్నంత పనీ చేసింది. పక్కన ఖాళీ సీటుతో నేను ఆ బస్సు వెనకే పోయాను. అది ఆగినచోటల్లా నేనూ ఆగాను. కండక్టరు తల బయటపెట్టి, వీడెవడురా అన్నట్టు చూశాడు. కోపం వచ్చింది, సిగ్గూ వేసింది.

అప్పటి నుంచి ఒకటే ధ్యాస. సైలెన్సర్ మార్చాలి, ఆమెను మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకోవాలి. కంపెనీ సరుకు ఇప్పుడు దొరకదు, బయట తయారైనవే దిక్కు. గద్దె మీద కూర్చుని ఫోనులో ఎవరెవరివో కార్ల వీడియోలు పెట్టి వినేవాణ్ణి. ఫోనులో అన్ని సైలెన్సర్ల మోతా ఒకేలా ఉండేది. హైదరాబాదులో పాత కార్ల సామాన్లు అమ్మే ఆయనకు పొద్దున ఫోన్, మాపటికి ఫోన్. ఆయన ప్రాణం విసిగి, "రెండు రకాలున్నయి సార్. రెండూ బస్సు పార్సెల్ల పంపుత. నచ్చింది పెట్టుకోని ఇంకోటి వాపస్ చేయుండ్రి" అన్నాడు.

పార్సెల్ వచ్చిందన్న కబురు రాకముందే నేను బస్టాండులో ఉన్నాను. అక్కడి నుంచి నేరుగా మెకానిక్ షెడ్డుకు. నా తొందర ఎరిగిన మనిషి కాబట్టి మెకానిక్ చేతిలో పని పక్కనపెట్టి అట్టపెట్టెలు విప్పాడు. ఒకటి నల్లరంగు వేసిన ఇనుముది, బరువుగా ఉంది, పాతదానిలాగే రెండు సన్న గొట్టాలు. రెండోది తళతళలాడే స్టీలు, ఒక్కటే లావు గొట్టం.

"ఏది పెడుదాం సేట్?"

మా ఇంట్లో ఎవరైనా చేసేదే నేనూ చేశాను. కుడి చెవి దగ్గరగా పెట్టి, వేలి కణుపుతో నల్లదాన్ని కొట్టాను. దబ్బుమంది. స్టీలుదాన్ని కొట్టాను. ఖంగుమంది, ఆ మోత కాసేపు నిలిచింది కూడా. మా దుకాణంలో బిందెకైనా తపేలాకైనా అదే పరీక్ష. ఖంగుమంటే సరుకు మంచిది, దబ్బుమంటే ఎక్కడో పగులుంది. లెక్కల కంటే ముందు మా నాయన నాకు నేర్పింది అదే.

"ఇదే పెట్టు. నల్లది పగిలింది."

మెకానిక్ నల్లదాన్ని అటూ ఇటూ తిప్పాడు. "పగులైతే కనిపిస్తలేదు సేట్. అయినా స్టీలుదే మస్తుంటది. సౌండ్ జబర్దస్తుంటది."

ఆ మాట విన్నాను గానీ బుర్రకెక్కలేదు. అతను బిగిస్తున్నంతసేపూ షెడ్డులో తిరిగాను, అడగని స్పానర్లు అందించాను. ఇంటికి పోతుంటే డబడబ పోయి హాయిగా అనిపించింది. మా వీధి మలుపులో కావాలనే హారన్ కొట్టాను.

ఆమె రెండు చెవులూ మూసుకుని నా కుడివైపు గేటు దగ్గరకు వచ్చింది.

"ఏం తెచ్చిండ్రు ఇది? ఊరంత లేపుతాంది!"

"మునుపటి కంటె నయమే కదనే."

"నయమా? మీకు ఇనబడ్తలేదా?"

తట్టి, ఖంగుమన్నదే ఏరి తెచ్చానని కాస్త గొప్పగానే చెప్పాను. ఆమె గేటు పట్టుకుని నవ్వింది. "మోత ఆపేదాన్ని మోగుతదా లేదా అని చూసి తెస్తరా ఎవలన్న?"

ఒళ్ళు మండింది. ఇంజన్ ఆపకుండా స్టీరింగు పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఎడమ తలుపు తీసి ఆమె లోపల కూర్చుంది. పంతం కొద్దీ నేను తల తిప్పలేదు. ఉన్నట్టుండి చెయ్యి చాపి తాళంచెవి తిప్పేసింది. ఇంజన్ ఆగింది.

"ఇప్పుడు నేను ఏమన్న?"

"ఎప్పుడు?"

"ఇప్పుడే. కూసున్నప్పటి సంది మాట్లాడుతున్న."

నాకు ఒక్క మాటా తెలియదు. ఆమె నవ్వు పోయింది. "నేను ఒట్టి మోతకే కారెక్కుడు మానలే. చిల్లు పడకముందు గూడ ఇంతే. ఏం చెప్పినా ఊఁ అనరు, ఆఁ అనరు. మీకు నాతోని మాట్లాడబుద్ధి అయితలేదేమో అనుకొని మానేసిన."

ఎడమ చెవి దగ్గర వేళ్ళు రుద్దుకుని చూశాను. ఏమీ లేదు. కుడి దగ్గర రుద్దాను. గరగర వినిపించింది. దుకాణంలో నా ఎడమపక్క గోడ. ఫోను ఎప్పుడూ కుడి చెవికే. ఎడమవైపు మనిషి కూర్చునేది ఈ కారులో ఒక్కచోటే, ఆ మనిషి ఈమే. నాకు భయం వేసింది. చెవి పోయినందుకు కంటే, ఆమె అలా అనుకుంటూ ఎన్ని ఆదివారాలు నా పక్కన కూర్చుందో అని.

దవాఖానలో డాక్టరు పరీక్ష చేసి, ఆ చెవి బాగుపడేది కష్టమనీ, మిషన్ పెట్టుకుంటే కొంత నయమనీ చెప్పాడు. షెడ్డుకు ఈసారి ఇద్దరం పోయాం. వాపస్ పంపక ఇంకా అక్కడే ఉన్న నల్లదాన్ని ఆమె కణుపుతో కొట్టింది. దబ్బుమంది.

"ఇది పెట్టు తమ్మీ," అంది మెకానిక్‌తో.

ఆదివారం మామునూరు దాటాక ఆమె ఏదో అంది. ఇంజన్ వెనకాల సన్నగా గొణుగుతోంది. స్పీడు తగ్గించి, తల పూర్తిగా ఆమె వైపు తిప్పాను.

"మళ్ళ చెప్పు."

ఏ గిరాకీకీ ఒక్క మాట రెండోసారి చెప్పని మనిషి, చెప్పింది. "ఆ తోటల మామిడి మస్తు కాసింది అన్న."

"గింతేనా?"

"గింతే. ఇన్నేండ్ల సంది చెప్పినయి గూడ ఇసొంటియే."

కారు రోడ్డు పక్కకు తీసి ఆపాను. అవి కూడా చెప్పమన్నాను.