కమాండర్ గారి బూట్లు

వీధిలో అందరూ ఆయన్ని కమాండర్ అంటారు. నిజానికి ఆర్మీలో ఉన్నన్నాళ్లూ ఆయన స్టోరులో కూర్చుని బూట్లు పంచాడు. యుద్ధాల గురించి కోతలు కోసీ కోసీ ఆ పేరు సంపాదించుకున్నాడు.

ఒకరోజు ఆయన తన సైకిల్ షాపులో పంక్చర్ వేస్తుంటే అన్నగారి అమ్మాయి వచ్చింది.

"బాబాయ్, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, ఎందులో చేరమంటావు?"

ఆర్మీలో చేరితే తన బండారం బయటపడుతుందని ఆయన గుండెల్లో రాయి పడింది.

"నేవీకి పో తల్లీ. ఆర్మీలో ముందు వరసలో నిలబడ్డవాణ్ణి, నా మాట విను," అన్నాడు, ట్యూబు మీంచి తల ఎత్తకుండా.

"నువ్వు స్టోరులో ఉండేవాడివని పిన్ని ఎప్పుడో చెప్పింది. అందుకే నిన్ను అడుగుతున్నా. ఆడవాళ్ల కొలతకి బూట్లు ఎందులో ఇస్తారు?"

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆర్మీలో కొత్తగా చేరి స్టోరు కిటికీ దగ్గరికొచ్చిన ఆడపిల్లలకి మగవాళ్ల బూట్లే ఇచ్చి, "రెండు జతల మేజోళ్లు తొడుక్కోండి, అవే సరిపోతాయి" అని నవ్వేవాడు. కుంటుకుంటూ వెనక్కి వచ్చినవాళ్లని చూసి ఇంకా నవ్వేవాడు.

ఎదురుగా ఆ పిల్ల పాదాలు చెప్పుల్లో చిన్నగా కనిపించాయి.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "నేనెప్పుడూ పైవాళ్లని అడగలేదు."