మధ్యాహ్నం పూట పాలు

నాలుగు నెలలుగా నాకు విరేచనాలు తగ్గడం లేదు. పరీక్షలు చేసిన డాక్టర్ పాలు పడడం లేదని తేల్చి, చుక్క కూడా ముట్టుకోవద్దన్నారు. కార్వాన్ బస్తీలో మాది పాల వ్యాపారం. అయినా రెండు వారాల కిందట పాలు తాగడం మానేసి గంజి, అరటిపండ్లతో నెట్టుకొస్తున్నాను. గుణం లేదు.

ఈ రోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నా భార్య సుజాత ఫోన్ పట్టుకొని మంచం పక్కన నిలబడి ఉంది.

"రోజూ ఈ యాళ్లకు పాలగిన్నె ఖాళీ అయితుంది. పిల్లి అనుకున్న. ఇయ్యాల కాపు కాసిన. ఏందయ్యా ఇది, సూడు!"

వీడియోలో ఉన్నది నేనే. కళ్లు తెరిచే ఉన్నాయి, సుజాత ఎంత పిలిచినా పలకలేదు. వంటింట్లో నిలబడి గ్లాసెడు పాలు గటగటా తాగాను. మూతి తుడుచుకొని, ఖాళీ గ్లాసును గోడకు చూపించి, చిన్నపిల్లాడి గొంతుతో అన్నాను.

"అయిపోయింది బాపూ."

చిన్నప్పుడు బడి నుంచి రాగానే మా నాన్న, బాపు, దగ్గరుండి పాలు తాగించి, గ్లాసు చూసేవాడు. నాలుగు నెలల కిందట ఆయన చనిపోయిన వారానికే నాకు కడుపు చెడింది.

ఫోన్‌లో చెబితే డాక్టర్ నిద్రజబ్బుల నిపుణుడి దగ్గరికి వెళ్లమన్నారు. అప్పటిదాకా సుజాత వంటింటికి తాళం వేస్తుందట. రేపు ఆ తాళం ముందు నిలబడి బాపుకు నేనేం చెబుతానో వినే ధైర్యం మాత్రం లేదంటోంది.

మీరైతే వింటారా?