బావి మెట్లు మూయమన్న పంతులమ్మ

పంతులమ్మ పోయారన్న సంగతి నాకు రాయచోటిలో బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. నారికురుపు ఉన్న ఊళ్లలో బావులు పరీక్షించే డాక్టరును నేను. ఆ పని మీదనే అక్కడికి వెళ్లాను. మా పేట నుంచి మేకల బేరానికి వచ్చిన ఒకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చాడు.

"డాక్టరప్పా, మీకు తెల్దా? మీ పక్కింటి పంతులమ్మ పాయె. దవడలు బిగుసుకపాయె. గొంతులో నీళ్లు గూడా దిగలే."

దవడలు బిగుసుకోవడమంటే ధనుర్వాతమని నాకు వేరే చెప్పనక్కరలేదు. ఆమె చీలమండ మీద నారికురుపు పుండు ఉంది. బయటికొస్తున్న పురుగును పుల్లకు చుట్టి, కట్టు కట్టి, మానేదాకా గడప దాటవద్దని చెప్పి నేను ప్రయాణమయ్యాను. ఆమె గడప దాటారు. ఎక్కడికి, ఎందుకు అన్నది చెప్పడానికే ఈ వ్యాసం. పోయినవారిని తలుచుకునేటప్పుడు గొంతు తగ్గించడం మర్యాద. ఆ మర్యాద నాకూ తెలుసు. అయినా ఈ మాటల్లో కోపం వినిపిస్తే, అది నాలో ఉన్నది గనుకనే వినిపించిందని పాఠకులు గ్రహించగలరు.

ఆమె బాలికల పాఠశాలలో పనిచేసి విరమించి చాలా కాలమైంది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, మడీ ఆచారమూ గట్టిగా పాటించే ఇంటి నుంచి బయటికొచ్చి, ఉద్యోగం చేసి, ఒంటరిగా బతికిన మనిషి. పని విరమించినా కొంగు చివర ఒక సుద్దముక్క ముడివేసుకునే ఉండేవారు. మాటతో తెగని విషయం వస్తే, ఎవరి ఇల్లని చూడకుండా, వంగి నేల మీద బొమ్మ గీసేవారు. పేటలో ఇళ్లన్నీ బండపరుపులే గనుక ఆమెకు పలకల కొరత ఎన్నడూ రాలేదు. గీసిన బొమ్మను తుడవనిచ్చేవారు కారు. "ఉండనీ అప్పా. ఈ పొద్దు అర్థం గాకుంటే రేప్పొద్దున అయితాది" అనేవారు.

పెద్దవాళ్లనైనా సరే, చెయ్యెత్తనిదే మాట్లాడనిచ్చేవారు కారు. మీసాలు నెరిసిన నేత సంఘం పెద్ద ఒకనాడు ఆమె ముందు చెయ్యెత్తి, ఆ ధ్యాసలో లేచి చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. "కూచో నాయనా, పద్యం అప్పజెప్పమనలేదులే" అన్నారామె. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన సంగతి కొంత చెప్పక తప్పదు. నారికురుపు ఉన్న మనిషి నీళ్లలో కాలు పెట్టినప్పుడు, పుండులోని పురుగు తన పిల్లలను ఆ నీళ్లలోకి వదులుతుంది. కంటికి ఆనీ ఆనని నీటిపురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లను వడకట్టకుండా తాగిన మనిషి ఒంట్లో అవి పెరుగుతాయి. సుమారు ఏడాదికి పుండై బయటపడతాయి. మనిషి కాలు నీటిని తాకకపోతే చాలు, ఆ బావిలో ఈ జబ్బు పుట్టదు. మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక వేసి చేదుకోవాలి. ఇంతకు మించిన మందు నా పెట్టెలో లేదు.

మా పేటది దిగుడుబావి. భజన మందిరం వీధివాళ్లూ నేతవీధివాళ్లూ మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి కడవలు ముంచుకుంటారు. వంక అవతల ఉండే రాతిపనివాళ్లకు ఆ మెట్ల మీద కాలు పెట్టే హక్కు గానీ, ఒడ్డు నుంచి చేద వేసే హక్కు గానీ లేదు. వాళ్ల ఆడవాళ్లు ఒడ్డున ఖాళీ కడవలు పెట్టుకుని, పైకొచ్చిన ఎవరికైనా దయ కలిగి కాసిని నీళ్లు పోసేదాకా ఎండలో నిలబడి ఉంటారు. నేను వచ్చిన కొత్తలో ఈ ఏర్పాటును నాకు వివరించిన పెద్దమనిషి గొంతులో సిగ్గు లేదు. నీటిమట్టం ఎంతో చెప్పినట్టే చెప్పాడు.

మూడు వీధులకూ మూడు సంఘాలున్నాయి. భజన సంఘం నవమికి పందిళ్లు వేస్తుంది. నేత సంఘం నూలు కోసం అర్జీలు పెడుతుంది. రాతిపనివాళ్ల సంఘం ఈ మధ్యనే వాళ్ల మేస్త్రీ ఇంటి అరుగు మీద మొదలైంది. ఇవన్నీ ఒక పని కోసం ఒకచోట కూర్చున్న సందర్భం పేటలో ఎవరికీ గుర్తు లేదు. పంతులమ్మ వాటిని కూర్చోబెట్టాలనుకున్నారు. బండలు భజన సంఘం తెప్పించాలి. కట్టుబడి రాతిపనివాళ్లది. గోడ లేచేదాకా ఇంటింటికీ నీళ్లు వడకట్టే గుడ్డ నేత సంఘం ఇవ్వాలి. బావికి మూడు గిలకలు వేయాలి.

బండల దాకా ఎవరూ కాదనలేదు. బేతంచెర్ల నుంచి అవి వచ్చి బావి ఒడ్డున దిగాయి కూడా. ఆ తరువాత ఒకరోజు భజన సంఘం పెద్ద ఇంట్లో ఆమె నేల మీద బావి బొమ్మ గీస్తుంటే నేనూ పక్కనే ఉన్నాను. ఆయన వంగి చూశాడు.

"ఏందమ్మా, ఈ మూడోది?"

"గిలకప్పా."

"గిలకని తెలుస్తాండాది. ఎవరికని?"

"గోడ ఎవరు కడతాండారో వాళ్లకు."

"వాళ్లకు కూలి ఇస్తాం గదా!"

"కూలి అడగలేదప్పా వాళ్లు. నీళ్లు అడిగినారు."

ఆయన నవ్వాడు. "పంతులమ్మా, మీరు పలక మీద శానా బాగా గీస్తారు. పేట పలక గాదు గదా."

"గాదు. పలకైతే ఎప్పుడో తుడిచిపెట్టి మళ్లీ రాయించి ఉందును" అని ఆమె సుద్దముక్కను కొంగున ముడేసుకుని లేచారు.

ఆనాటి నుంచి బండలు బండలుగానే ఉండిపోయాయి. గోడ మీద ఏ సంఘం పేరు ముందు చెక్కాలో తేలలేదని బయట చెప్పుకున్నారు. అది సాకు. మెట్లున్నంత కాలం దిగేవాళ్లు వేరు, నిలబడేవాళ్లు వేరు. గోడ లేస్తే అందరూ ఒకే గోడ పక్కన నిలబడాలి. భయమంతా అక్కడ ఉంది. పంతులమ్మకు ఆ సంగతి తెలుసు. తెలిసే, ఆ వేసవి పొడుగునా ఇంటింటికీ తిరిగారు.

పని మీద గడపలోకి వచ్చిన మనిషికి ముందు చెంబుడు నీళ్లిచ్చి, ఆ తరువాత మాట వినడం ఇక్కడి మర్యాద. ఆ నీళ్లను వద్దంటే, "మీ ఇంట్లో తాగను" అన్నట్టే. ఒక మధ్యాహ్నం మేస్త్రీ ఇంటికి ఆమెతో పాటు నేనూ వెళ్లాను. ఆమె లాంటి మడి ఇంటి మనిషి ఆ గడపలో నీళ్లు తాగడం అంతవరకు జరగలేదు. మేస్త్రీ భార్య చెంబు పట్టుకుని, ఇవ్వాలో వద్దో తెలియక, తలుపు వారనే నిలబడిపోయింది.

"ఇయ్యి తల్లీ. ఎండన పడి వచ్చినా, ఊరికే సూస్తాండావే" అని పంతులమ్మ చెయ్యి చాచారు. పైకెత్తి పోసుకోకుండా, చెంబు అంచుకు పెదవి ఆనించి, చివరిదాకా తాగారు. మేస్త్రీ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ ఏదో పని ఉన్నట్టు దొడ్లోకి వెళ్లి, కాసేపటికి గానీ రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను. "అమ్మా, వడకట్టే గుడ్డ మీ సంచిలోనే ఉంది కదా?"

"ఉండాది."

"మరి?"

"ఆ యమ్మ చేతి నీళ్లు నా గుడ్డలో పోసుకుంటే, పురుగు కోసం వడగట్టిందిలే అనుకుంటాదా అప్పా? ముందు తాగల్ల. తాగినాక గుడ్డ చూపిస్తే వింటారు."

మేస్త్రీ ఇంట్లోనే కాదు, భజన సంఘం పెద్ద ఇంట్లోనూ ఆమె అట్లాగే తాగారు. "మా కడవలో నీళ్లకు వడగట్టేదేందమ్మా" అని ఆ ఇంటివాళ్లు గుడ్డను మడతైనా విప్పకుండా గూట్లో పెట్టారు.

ఏడాది తిరిగింది. ఆమె చీలమండ మీద బొబ్బ లేచింది. పాఠకులు ఓపికగా గమనించాలి: ఈ వేసవిలో బయటపడిన పురుగు నిరుటి నీళ్లది. ఆ నీళ్లు ఆమె గొంతు దిగేనాటికే బండలు బావి ఒడ్డున ఉన్నాయి. కట్టేవాళ్లు ఉన్నారు. కట్టమని చేతులు జోడించి తిరిగే మనిషి ఉంది. కట్టకపోవడమన్నది కొందరు కూర్చుని, ఆలోచించి, చేసిన పని. ఆ పని ఫలితాన్ని నేను నా చేతులతో పుల్లకు చుట్టాను.

నేను రాయచోటికి వెళ్లిన వారంలోనే మూడు సంఘాలూ బడి వరండాలో కలిసి కూర్చుంటామని కబురు చేశాయట. ఏడాది కాళ్లరిగేలా తిరిగి సంపాదించుకున్న కబురు అది. ఆమె ఇంట్లో ఉండగలరా? కట్టుకాలితో, పేడకళ్లూ దుమ్మూ నిండిన వీధి వెంట, గొడుగు కర్రగా పట్టుకుని నడిచారు. దారిలో కట్టు జారింది. పురుగు తెగి, పుండులోకి ఆ దుమ్ము చేరింది. బడి దగ్గర మేస్త్రీ వచ్చి వరండా కింద నిలబడ్డాడు. నేత సంఘం పెద్ద వచ్చి, భజన సంఘం వాళ్లు రాకపోవడం చూసి, మగ్గం మీద పని ఉందని వెళ్లిపోయాడు. భజన సంఘం వాళ్లు రానే లేదు. మేస్త్రీని పైకి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దు వాలేదాకా ఆమె వాళ్ల కోసం చూశారట. కొన్నాళ్లకు దవడలు పట్టేశాయి. కావలసిన మందు కర్నూలులో ఉంది. బండి కట్టించి రైలు దాకా చేర్చే ఆలోచన ఎవరికైనా వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

సంతాపసభకు మాత్రం మూడు సంఘాలూ వచ్చాయి. భజన మందిరంలో పూలదండలకు లోటు లేదు. మేస్త్రీ, అతని మనుషులూ గుమ్మం బయట నిలబడ్డారు. భజన సంఘం పెద్ద ఆమెను త్యాగమయి అన్నాడు, పేటకు తల్లి అన్నాడు. ఆ తరువాత గొంతు తగ్గించి, "ఏం చేస్తాం, ఎవరు చెప్పినా వినకుండా ఆ వాడలో నీళ్లన్నీ తాగి ప్రాణం మీదికి తెచ్చుకుండె" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. నా ఉద్యోగంలో గొంతు పెంచే అలవాటు లేదు. ఆనాడూ పెంచలేదు. "ఆ వాడ కడవల్లో ఉన్నది మన బావి నీళ్లేనండి" అన్నాను. "వాళ్లను మెట్లు దిగనివ్వలేదు కనుక వాళ్ల కాళ్లు ఆ నీళ్లను ఎన్నడూ తాకలేదు. ఈ జబ్బు పుండున్న కాలి నుంచే నీళ్లలోకి వస్తుంది. దిగే హక్కున్న కాళ్లే ఆ నీళ్లను చెడగొట్టాయి. ఆమె ఏ ఇంట్లో తాగినప్పుడు ఆ పురుగు లోపలికి పోయిందో నేను చెప్పలేను. మేస్త్రీ ఇంట్లో కావచ్చు. మీ ఇంట్లో కావచ్చు."

భజన సంఘం పెద్ద చేతిలోని కాగితం విప్పి తీర్మానం చదివేశాడు: పంతులమ్మ ఆశయాన్ని నెరవేర్చడమే ఆమెకు నిజమైన నివాళి అని మూడు సంఘాలూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. చేతులెత్తారు, చప్పట్లు కొట్టారు. ఇట్లాంటి తీర్మానాలకు అర్థం ఏమీ ఉండదని లోపలున్నవాళ్లందరికీ తెలుసు. బయట నిలబడ్డవాళ్లకు తెలియదో, తెలిసీ తెలియనట్టు నడుచుకున్నారో నేను చెప్పలేను.

మర్నాడు పొద్దున రాతిపనికి పోయేముందు మేస్త్రీ తన మనుషులతో వచ్చి మెట్ల మొదట్లో మొదటి వరస బండలు పరిచాడు. సంగతి తెలిసి భజన సంఘం పెద్ద పరుగున వచ్చాడు.

"ఎవరప్పా నీకు చెప్పింది? ఎవర్నడిగి చేస్తాండావు?"

"మీరే గదయ్యా చదివితిరి," అన్నాడు మేస్త్రీ, చేతిలో తాపీ ఆపకుండా. "ఆ యమ్మ ఆశయం అంటిరి. మేమూ బయటి నుంచి చప్పట్లు గొడితిమి."

"అది... మాటవరసకు..."

అప్పటికి నేత సంఘం పెద్ద కూడా వచ్చి నిలబడ్డాడు. బడి వరండా నుంచి తాను వెళ్లిపోయిన సంగతి ఆయన మరిచిపోయినట్టు లేదు. "ఏకగ్రీవం అన్నావు గదప్పా. నేనూ చెయ్యెత్తితి" అని, అక్కడే ఒక బండ మీద కూర్చున్నాడు. ఆయన కూర్చున్నంతసేపూ పని ఆపే ధైర్యం ఎవరూ చేయలేదు.

రోజుకో వరస లేస్తోంది. దిగే అలవాటున్నవాళ్లు దిగుతూనే ఉన్నారు. మొదటి వరసను దాటారు, రెండో దాన్నీ దాటారు. పుండ్లున్న కాళ్లు కూడా దాటాయి. చీర కుచ్చెళ్లు ఎగదీసి, మగవాళ్ల ఎదుట సిగ్గుపడుతూ దాటారే గానీ, పక్కనున్న ఒడ్డు మీద నిలబడి తాడు వేయడానికి ఒప్పుకోలేదు. చెప్పవలసింది రోజూ అక్కడే నిలబడి చెప్పాను. విన్నట్టు తల ఊపి దాటారు.

నిన్న పొద్దునకు గోడ నడుమెత్తు అయింది. భజన సంఘం పెద్ద కోడలు కడవ చంకన పెట్టుకుని వచ్చింది. పంతులమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్ల. కాలికి నేను కట్టిన కట్టే ఉంది. గోడ ఎత్తు చూసి ఆగింది. మెట్లు లేని వైపు ఒడ్డు మీద నిలబడి మేస్త్రీ భార్య చేద లాగుతోంది. గోడ పని మొదలయ్యాక ఆమె అక్కడ నిలబడడాన్ని ఎవరూ గట్టిగా కాదనలేదు, ఔననలేదు. నిండిన చేద చేతిలో ఉండగానే ఆమె ఇటు తిరిగి, "పొయ్యనా తల్లీ?" అని అడిగింది.

కోడలు వీధి వైపు ఒకసారి చూసింది. నీళ్ల వైపు చూసింది. తరువాత కడవను గోడ మీద దించింది. పై వరస కోసం పరిచిన సున్నం ఇంకా ఆరలేదు. కడవ అడుగు అందులో మెత్తగా, గుండ్రంగా దిగింది.